ముఖం మీద గీసే వెలుగునీడలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

గత సంచికలో, కథల్లోని, ఆటల్లోని పాత్రల వేషం కట్టే కాస్ప్లే గురించి రాసినప్పుడు, మనిషి ముఖం మీద నల్లటి గీతలు, చదునైన రంగుల నీడలు వేసి, అచ్చు కామిక్ పుస్తకంలోంచి లేచివచ్చిన బొమ్మలా కనిపించేటట్లు చేసే సెల్ షేడింగ్ మేకప్‌ను రెండు పేరాలతో సరిపెట్టాను. ఆ రెండు పేరాల మీదే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపి, ఈసారి శీర్షికనంతా వాటికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: సెల్ షేడింగ్ అనే మాటలో సెల్ అంటే ఏమిటి? ముఖమంతా చుక్కలు పెట్టుకునే పాప్ ఆర్ట్ మేకప్, ఇదీ ఒకటేనా?

జవాబు: సెల్ అంటే సెల్యులాయిడ్. కంప్యూటర్లు రాకముందు యానిమేషన్ బొమ్మలను పారదర్శకమైన సెల్యులాయిడ్ పలకల మీద గీసేవారు. ఈ పద్ధతి మీద పేటెంటు కోసం అమెరికాలో ఎర్ల్ హర్డ్ 1914లో దరఖాస్తు చేశారు. పలక ముందువైపు సిరాతో గీతలు గీసి, వెనకవైపు రంగులు నింపేవారు. వేలాది పలకలకు రంగు నింపవలసి వచ్చినప్పుడు ఒక రంగును మరొక రంగులోకి మెల్లగా కలిపే తీరిక ఎవరికీ ఉండదు కాబట్టి, చొక్కాకు ఒక రంగును, ఆ చొక్కా మీద పడే నీడకు ఇంకొక రంగును విడివిడిగా కలిపి పెట్టుకొని, రెండింటి మధ్య కత్తెరతో కత్తిరించినట్లుండే అంచును అలాగే వదిలేసేవారు. ఆ రూపాన్నే త్రిమితీయ బొమ్మలకు కంప్యూటర్ లెక్కలతో తెచ్చిన పనికి సెల్ షేడింగ్ అనే పేరు స్థిరపడింది. 2000లో వచ్చిన జెట్ సెట్ రేడియో అనే వీడియోగేమ్ దీనికి తొలి ప్రసిద్ధ ఉదాహరణలలో ఒకటి.

2009లో వచ్చిన బోర్డర్‌ల్యాండ్స్ ఆట పాత్రలను కూడా కాస్ప్లే చేసేవారు ఈ పేరుతోనే పిలుస్తారు. నిజానికి ఆ ఆటలో కనిపించే గీతలు, గాట్లు చాలావరకు చేత్తో గీసి బొమ్మల ఉపరితలానికి అతికించినవే కాబట్టి, అది సిరాతో గీసిన కామిక్ పేజీకి దగ్గర చుట్టం. ఈ తేడా మీకు పనికివస్తుంది. మీరు ఎంచుకున్న పాత్ర మొదటి రకానిదైతే రంగులు ఎక్కువ, గీతలు తక్కువ. రెండో రకానిదైతే నీడల లోపల పక్కపక్కనే సన్నని గాట్లు కూడా గీయాలి. రెండింటినీ కలిపితే ముఖం గజిబిజి అవుతుంది.

ఇక చుక్కల సంగతి వేరు. అవి అచ్చుయంత్రం నుంచి వచ్చాయి. బెంజమిన్ డే 1879 ప్రాంతంలో రూపొందించిన ముద్రణ పద్ధతిలో చిన్నచిన్న రంగు చుక్కలను దగ్గరగానో దూరంగానో అచ్చువేస్తే, కొద్ది దూరం నుంచి చూసే కంటికి లేత రంగుగానో ముదురు రంగుగానో తోచేది. వాటిని బెన్ డే చుక్కలు అంటారు. 1960లలో చిత్రకారుడు రాయ్ లిక్టెన్‌స్టైన్ ఆ చుక్కలను పెద్దవి చేసి కాన్వాసు మీదికి తెచ్చారు. పాప్ ఆర్ట్ మేకప్‌కు అదే మూలం. చుక్కలు నీడకు బదులుగా నిలిచే గుర్తులు కాబట్టి, అవి నీడ ఉండవలసిన చోటే, అంటే ఒక బుగ్గ మీదో మెడ మీదో ఉండాలి. ముఖమంతా చల్లితే అమ్మవారు పోసినట్లు కనిపిస్తుంది.

ప్రశ్న: కళ్ళ చుట్టూ, ముక్కు పక్కన, నుదుటి మీద, పెదవుల పక్కన నల్లటి ఐలైనర్‌తో జాగ్రత్తగా గీతలు గీసుకున్నాను. బొమ్మలా కాకుండా అరవై ఏళ్ళ మనిషిలా కనిపించాను. పొరపాటు ఎక్కడ జరిగింది?

జవాబు: ఈ ప్రశ్న దాదాపు ఇదే మాటలతో నాలుగు ఉత్తరాలలో ఉంది. పొరపాటు మీ చేతిలో లేదు, పని మొదలుపెట్టిన వరుసలో ఉంది. మీరు గీతతో మొదలుపెట్టారు, వెలుగుతో మొదలుపెట్టాలి. ముఖం మీద ఉన్న ముడతలను వెతికి వాటి మీద నల్లగా గీస్తే ముడతలే పెద్దవవుతాయి. కామిక్ చిత్రకారుడు పడుచు ముఖాన్ని గీసేటప్పుడు నుదుటి గీతలను, ముక్కు నుంచి పెదవి మూలకు దిగే మడతను దాదాపు వదిలేస్తాడు. పాత్ర వయసు మళ్ళినదైతే తప్ప మీరూ వాటి జోలికి పోకండి.

ముందుగా వెలుగు ఎటు నుంచి వస్తోందో నిర్ణయించుకోండి. మీ ఎడమ కణతకు పైనుంచి వస్తోందని అనుకుందాం. చీకటి గదిలో అద్దం ముందు కూర్చొని, ఒకే ఒక దీపాన్ని ఆ దిక్కున పట్టుకొని చూస్తే నీడలు ఎక్కడ పడుతున్నాయో ముఖమే చెబుతుంది. ఆ నీడల అంచులను లేత గోధుమరంగు పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి. ఆ తరువాతే మీ చర్మానికి రెండు మూడు ఛాయలు ముదురుగా ఉన్న రంగును నీడల్లో నింపండి. అందరూ తడబడేది ఇక్కడే. మామూలు మేకప్‌లో అంచును వేలితోనో స్పాంజితోనో చెదరగొట్టి కలపడం మనకు అలవాటు కాబట్టి, చెయ్యి దానంతట అదే అటు వెళ్తుంది. దాన్ని ఆపుకోవాలి. అంచు చెదిరిందంటే అది మామూలు మేకప్ అయిపోయినట్లే.

ముక్కునే తీసుకోండి. వెలుగు ఎడమ నుంచి వస్తున్నప్పుడు నీడ ముక్కు దూలానికి కుడిపక్కన మాత్రమే ఉంటుంది. అది కుడి కనుబొమ్మ లోపలి కొన దగ్గర చిన్న త్రికోణంగా మొదలై, దూలం వెంట సన్నని పట్టీగా దిగి, ముక్కు కొనకు వచ్చేసరికి కాస్త వెడల్పై, ముక్కుపుటం మీద కొక్కెంలా వంగి ఆగుతుంది. ముక్కు కింద, పై పెదవి మీద కుడివైపుకు వాలిన ఇంకొక చిన్న త్రికోణం పడుతుంది. ఇప్పుడు నల్లటి గీత గీయవలసింది రెండే చోట్ల: కుడి ముక్కుపుటం చుట్టూ అర్ధచంద్రంగా ఒకటి, ముక్కు కొన కింద చిన్న విరుపుగా ఒకటి. ఎడమపక్కన ఏ గీతా ఉండకూడదు. ఆ ఖాళీయే వెలుగు. నాలుగు నిమిషాల పని ఇది, కానీ ముక్కు సరిగ్గా కుదిరితే తక్కిన ముఖం దాని వెంటే వస్తుంది.

గీతల మందం కూడా ఒకే తీరుగా ఉండకూడదు. ముఖం చుట్టూ, దవడ వెంట ఉండే బయటి గీత మూడు నాలుగు మిల్లీమీటర్లు ఉండవచ్చు. లోపలి గీతలు అందులో సగం కూడా అక్కర్లేదు. వెలుగు వైపు సన్నగా, నీడ వైపు మందంగా, రెండు కొనలలోనూ సూదిలా ముగియాలి. కలం పాళీని నొక్కి వదిలితే కాగితం మీద గీత ఎలా సన్నబడుతుందో అలాగన్నమాట. దవడ గీతకు దిగువన మెడ మీద నీడరంగును నిండుగా నింపితే తల మెడ నుంచి విడివడి ముందుకు వచ్చినట్లు కనిపిస్తుంది. కింది పెదవి కింద, పై కనురెప్ప మడతలో, జుట్టు అంచు కింద నుదుటి మీద పడే నీడలను కూడా మరచిపోవద్దు.

ప్రశ్న: నాది చామనఛాయ కన్నా నలుపు. తెల్లటి మెరుపు గీతలు వేస్తే బూడిద పూసినట్లు ఉంటోంది, నల్లటి గీతలేమో కనిపించడం లేదు. ముఖమంతా తెల్లరంగు వేసి మొదలుపెట్టమని ఒకరు సలహా ఇచ్చారు. అలా చేయాలా?

జవాబు: అక్కర్లేదు. మీ చర్మం రంగే మీ మధ్యఛాయ. దాని నుంచి పైకి ఒక మెట్టు, కిందికి ఒక మెట్టు లెక్కపెట్టుకుంటే చాలు. వెలుగు పడిన చోట్ల తెలుపుకు బదులు బంగారు పసుపు కలిసిన గోధుమరంగునో, పండిన నారింజ ఛాయ ఉన్న లేతరంగునో వాడండి; బూడిద పూసినట్లుండడం పోతుంది. అచ్చమైన తెలుపును ముక్కు కొన మీద, కింది పెదవి మీద, చెంప ఎముక మీద మూడు చిన్న మచ్చలకే దాచి ఉంచండి. నీడకు పలచని నలుపు వాడితే చర్మం మట్టి కొట్టుకుపోయినట్లు ఉంటుంది కాబట్టి, ఊదా కలిసిన ముదురు గోధుమరంగో, నేరేడు పండు రంగో ఎంచుకోండి.

నల్లగీత కనిపించకపోవడానికి కారణం, గీతకూ దాని పక్కనున్న చర్మానికీ మధ్య తేడా చాలకపోవడం. గీతను మరీ మందం చేయడం దీనికి విరుగుడు కాదు. గీతను ఆనుకొని వెలుగు వైపు దారమంత సన్నని లేతరంగు అంచు వేయండి. ఆ అంచు నలుపును నిలబెడుతుంది. ముదురు చర్మం ఉన్న పాత్రలను గీసే చిత్రకారులు నీడ వైపు అంచున లేత వెలుగు రేఖను విడిచిపెట్టేది కూడా ఇందుకే. నా దృష్టిలో ముదురు చర్మం మీద బాగా కుదిరిన సెల్ షేడింగ్‌కు ఉండే లోతు లేత చర్మం మీద రాదు, ఎందుకంటే వెలుగు మచ్చలు అక్కడ నిజంగా వెలుగుతాయి.

ఇదే సందర్భంలో ఇంకొక మాట కూడా చెప్పాలి. తెల్లని పాత్ర వేయడానికి మీరు తెల్లబడనక్కర్లేనట్లే, మరొక జాతి పాత్ర వేయడానికి ఎవరూ చర్మాన్ని నల్లబరచుకోకూడదు. నల్లజాతి వారిని వెక్కిరించడానికి ముఖానికి మసి పూసుకొని వేషం కట్టిన చరిత్ర దాని వెనుక ఉంది, ఆ గాయం ఇంకా పచ్చిగానే ఉంది. నీలి చర్మపు దేవకన్యకు, ఆకుపచ్చ రాక్షసుడికి ఈ అభ్యంతరం లేదు.

ప్రశ్న: ముఖానికి ఏ రంగులు వాడాలి? బొమ్మలు వేసే ఆక్రిలిక్ రంగు సీసా మీద విషం కాదని రాసి ఉంది, దాన్ని వాడవచ్చా? చెమటకు చెదిరిపోకుండా ఏం చేయాలి?

జవాబు: ఆక్రిలిక్ రంగును ముఖానికి వాడకండి. విషం కాదన్న మాటకు చర్మానికి పనికివస్తుందని అర్థం కాదు. అది ఆరి ప్లాస్టిక్ పొరలా బిగుసుకుంటుంది. తీసేటప్పుడు సన్నని వెంట్రుకలనూ పైచర్మాన్నీ లాగుతుంది. పర్మనెంట్ మార్కర్లదీ ఇదే సంగతి.

చర్మం కోసం తయారైన రంగులు మూడు రకాలు. నీటితో తడిపి వాడే ఫేస్ పెయింట్ చదునుగా, మెరుపు లేకుండా ఆరుతుంది, సబ్బుతో పోతుంది. సెల్ షేడింగ్‌కు కావలసిన రూపం ఇదే ఇస్తుంది, కానీ చెమటకు కారుతుంది. నూనె, మైనం కలిసిన క్రీమ్ రంగు నిండుగా పడుతుంది గానీ, పౌడరు అద్ది బిగించకపోతే రుద్దుకుపోతుంది. ఆల్కహాల్‌తో కరిగించి వాడే రంగులు చెమటకూ రాపిడికీ నిలుస్తాయి. వాటిని కళ్ళకు దూరంగా, గాలి ఆడే గదిలో వాడాలి, తీయడానికి దానికి తగిన రిమూవర్ కావాలి. నేను చేసే పద్ధతి ఇది: నీడలకు నీటిరంగు, దాని మీద మెరుపులేని పౌడరు, నల్లటి గీతలకు మాత్రం తడికి చెదరని జెల్ ఐలైనర్, చివర మేకప్‌ను బిగించి ఉంచే సెట్టింగ్ స్ప్రే. చెమట పట్టినప్పుడు తుడవకండి, మెత్తని కాగితంతో అద్దండి.

ఏ రంగునైనా రెండు రోజుల ముందు ముంజేయి లోపలివైపు కొద్దిగా రాసి, దురద, ఎరుపు రావడం లేదని చూసుకున్నాకే ముఖానికి వాడండి. నియాన్ రంగుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. చీకట్లో అతినీలలోహిత దీపం కింద మెరిసే రంగులను కళ్ళ దగ్గర వాడడానికి అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇవ్వలేదు.

ప్రశ్న: ముఖం బాగానే వస్తోంది, కానీ మామూలు దుస్తులు వేసుకునేసరికి ముఖం ఒక లోకానిదీ ఒళ్ళు ఇంకొక లోకానిదీ అన్నట్లుంది. దుస్తులకు కూడా నీడలు వేయాలా? ఎలా?

జవాబు: వేయాలి. మీరు గమనించిన లోపం సరైనదే. నేను మొదటిసారి ఒక కోటుకు రంగు వేసినప్పుడు దాన్ని బల్ల మీద పరిచి, రెండు చేతులకూ ఎంతో శ్రద్ధగా మడతల నీడలు గీశాను. ఆరిన తరువాత తొడుక్కుంటే, మోచేతి ముందు ఉండవలసిన మడతలు వెనక్కి తిరిగి ఉన్నాయి. అంతకన్నా బాధ కలిగించినది ఇంకొకటి ఉంది. ఎడమ చేతికి గీసిన దాన్నే కుడి చేతికి తిప్పి గీశాను కాబట్టి, ఒక చేతి మీద వెలుగు ఎడమ నుంచి, రెండో చేతి మీద కుడి నుంచి వస్తోంది. మూడు రాత్రుల పని. ఆ కోటు ఇంకా నా దగ్గరే ఉంది, కొత్తవారికి చూపించడానికి.

అందువల్ల దుస్తులను ముందు తొడుక్కోండి. పాత్ర ఎలా నిలబడుతుందో అలాగే నిలబడి, ముఖానికి ఎంచుకున్న దిక్కు నుంచే ఒక దీపం వేయించి, నీడల అంచులనూ మడతల దారినీ స్నేహితులెవరి చేతనైనా దర్జీ సుద్దతో గుర్తు పెట్టించండి. బట్ట మీద మడతలు ఎక్కడ లాగుడు ఉందో అక్కడే పుడతాయి: చంక, మోచేతి లోపలివైపు, నడుము పట్టీ, మోకాలి వెనక. కాబట్టి మడత గీత ఆ చోట మందంగా మొదలై దూరం పోయేకొద్దీ సన్నబడి మాయమవాలి. రెండు చివరలా ఒకే మందంతో ఉన్న గీత బట్ట మడతలా కాక బట్టకు అంటిన పురికొసలా ఉంటుంది.

బట్టలో నూలు ఎక్కువగా ఉంటే రంగు బాగా పడుతుంది; నున్నటి పాలియెస్టర్ మీద లేచిపోతుంది. కొత్తబట్టను ముందు ఉతికి గంజి వదిలించండి. ఆక్రిలిక్ రంగులో ఫ్యాబ్రిక్ మీడియం అనే ద్రవాన్ని సీసా మీద ఇచ్చిన పాళ్ళలో కలిపితే ఆరాక కూడా బట్ట మెత్తగా ఉంటుంది. ఒకేసారి చిక్కగా పూస్తే మోచేతుల దగ్గర పగుళ్ళు వస్తాయి కాబట్టి పలచగా రెండు మూడు పూతలు వేయండి. ఒక రోజంతా ఆరనిచ్చి, పైన పలచని గుడ్డ వేసి ఇస్త్రీ చేస్తే రంగు కుదురుకుంటుంది. కాలరు, జేబు, కుట్టు, అంచు, ఇవన్నీ నల్లగీత కోరే చోట్లు. గుండీలకు కూడా ఒకపక్క చిన్న నీడ, ఒక తెల్ల చుక్క పెట్టండి. చూసేవారు దాన్ని గుర్తించకపోవచ్చు గానీ, లేకపోతే ఏదో తక్కువైందని మాత్రం తప్పకుండా అనిపిస్తుంది.

ప్రశ్న: విగ్గుకూ చేతిలోని ఆయుధానికీ ఏం చేయాలి?

జవాబు: కామిక్ బొమ్మలో వెంట్రుకలు విడివిడిగా ఉండవు, పాయలుగా ఉంటాయి. సింథటిక్ విగ్గును పెద్ద పాయలుగా విడదీసి, గట్టిగా పట్టే హెయిర్ స్ప్రేతో బిగించి, పాయకూ పాయకూ మధ్య పల్లాల్లో ముదురు రంగు వెంట్రుకల వరుసలు కుట్టండి. పైన వెలుగు పడే చోట లేతరంగు పాయను రంపపు పళ్ళ ఆకారంలో పెట్టండి. ఇదంతా కష్టమనిపిస్తే, విగ్గునే ఈవీఏ ఫోమ్ అనే తేలికైన, మెత్తని పలకలతో చెక్కి రంగు వేసేవారు చాలామంది ఉన్నారు. బరువు తక్కువ, అంచులు పదునుగా వస్తాయి. నాకు ఇదే ఎక్కువ నచ్చుతుంది.

ఆయుధాలకూ అదే ఫోమ్ వాడతారు. కోసిన ఫోమ్‌ను, వేడిగాలి ఊదే హీట్ గన్‌తో తేలికగా వేడిచేస్తే ఉపరితలంలోని రంధ్రాలు మూసుకుంటాయి. ఆ తరువాత రంగు పట్టేందుకు వేసే తొలిపూత ప్రైమర్, ఆక్రిలిక్ రంగు, నల్లగీతలు, చివర మెరుపులేని వార్నిష్. మెరిసే వార్నిష్ మాత్రం వద్దు. అది గదిలోని నిజమైన వెలుగును తిప్పి చూపిస్తుంది, మీరు గీసిన వెలుగు అబద్ధమని తేలిపోతుంది.

ప్రశ్న: అద్దంలో ఎంతో బాగుంది, ఫొటోల్లో మాత్రం మామూలుగా వస్తోంది. ఎందుకు?

జవాబు: ముందుగా ఫోన్‌లోని బ్యూటీ ఫిల్టర్‌ను ఆపండి. చర్మాన్ని నునుపు చేయడానికి పెట్టిన ఆ సదుపాయం మీరు గంటల తరబడి కాపాడిన పదునైన అంచులను చెరిపేస్తుంది. రెండోది, పక్క నుంచి పడే గట్టి వెలుగులో తీయించుకోకండి. నిజమైన నీడా గీసిన నీడా పోట్లాడుకుంటాయి. మబ్బు పట్టిన పగటి వెలుగు గానీ, ముఖానికి ఎదురుగా ఉన్న రింగ్ లైట్ గానీ సరిపోతుంది. నోరారా నవ్వితే గీతలన్నీ తప్పుకుంటాయి కాబట్టి, మేకప్ వేసేటప్పుడు ఏ ముఖకవళిక పెట్టుకున్నారో ఫొటోలోనూ అదే పెట్టండి.

ప్రశ్న: పదేళ్ళ మా అమ్మాయి అడుగుతోంది. వేయవచ్చా?

జవాబు: వేయండి, కానీ పిల్లల కోసం తయారైన నీటిరంగులతో మాత్రమే. ఆల్కహాల్ రంగులు, జిగుర్లు, కనురెప్ప లోపలి అంచున గీతలు వద్దు. దవడ గీత, కనుబొమ్మలు, ముక్కు నీడ వేస్తే చాలు. అంతకన్నా ఎక్కువసేపు ఆ వయసు పిల్లలు కదలకుండా కూర్చోలేరు. ఏ పక్క వెలుగు, ఏ పక్క నీడ అన్నది తననే నిర్ణయించనివ్వండి.

ప్రశ్న: మొదట దుస్తులా, మేకప్పా? చేతుల మీద కూడా గీతలు గీయాలా? వేసినవి తినేటప్పుడు పోతున్నాయి.

జవాబు: తల మీదుగా తొడుక్కునే దుస్తులైతే ముందు అవే వేసుకొని, మెడ చుట్టూ పాత తువ్వాలు చుట్టుకొని ముఖం మొదలుపెట్టండి. మొదటిసారి మూడు గంటలు చేతిలో ఉంచుకోండి. విగ్గు పెట్టుకున్నాకే నుదుటి మీది నీడను, చెవుల దగ్గర గీతలను వేయాలి.

చేతులకు తప్పకుండా గీయాలి. ముఖం, మెడ, దుస్తులు అన్నీ బొమ్మలా ఉండి, ఫొటోలో కత్తి పట్టుకున్న చెయ్యి మాత్రం మామూలు చెయ్యి అయితే కన్ను సూటిగా అక్కడికే పోతుంది. వేళ్ళ పక్కల నీడ వైపు ఒక గీత, కణుపుల మీద చిన్న వంపులు, గోళ్ళ చుట్టూ సన్నని అంచు, మణికట్టు దగ్గర కోటు చెయ్యి నీడ, ఇవి చాలు. ఆల్కహాల్‌తో కరిగే రంగులు ముఖం కన్నా చేతులకే బాగా ఉపయోగపడతాయి, నీళ్ళు తగిలినా నిలుస్తాయి. అరచేతులనూ వేళ్ళ కొనలనూ మాత్రం ఖాళీగా వదిలేయండి, లేకపోతే మీ చేతి రంగు మీ కోటుకు, మీ పక్కన నిలబడి ఫొటో దిగేవారి భుజానికి అంటుతుంది. పాత్రకు చేతితొడుగులు ఉంటే ఇంకా మంచిది. వాటికి ముందు రోజే రంగు వేసి ఆరబెట్టుకోవచ్చు, భోజనానికి కూర్చునే ముందు తీసి పక్కన పెట్టుకోవచ్చు.